పడే మనిషి కాదు

తడి దుప్పట్ల ట్రాలీ మేనేజరు బూట్ల మీద బోర్లా పడింది. పడిందని ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే సైరన్ అంటుంది. పడేసిందని మేనేజరు అంటాడు. చూసినవాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఆవిరిలో సరిగ్గా కనపడలేదు సార్." ఆ లాండ్రీలో ఆవిరి వల్ల జరిగిన మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఊళ్ళో ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. ఉతికే డ్రమ్ములు ఒక హాల్లో, ఇస్త్రీ రోలరు ఇంకో హాల్లో. రోలరంటే మంచమంత వెడల్పున్న ఇనప గొట్టం, సలసలా కాగుతూ తిరుగుతూ ఉంటుంది. ఇద్దరు ఇటు నిలబడి తడి దుప్పటి అందిస్తే, ఇంకో ఇద్దరు అటు నిలబడి పొడి దుప్పటి అందుకుంటారు. దుప్పట్లో ఉన్న నీళ్ళన్నీ ఆవిరై లేస్తాయి. లేచి ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. కిటికీలకు మేకులు కొట్టేశారు, బయటి దుమ్ము తెల్లబట్టల మీద పడుతుందని. దుమ్ము పడకూడదు, మనుషులు పడిపోతే ఫర్వాలేదు. ఆ నెలలో ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తిరిగి రోలరు పక్కనే కూలబడ్డారు. గోడకి చిల్లి కొట్టి, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టించండి మహాప్రభో అని అడగడానికి సైరన్‌ని ముందుకు తోశారు. వరండాలో మేనేజరు ఎదురుపడ్డాడు. ఈమె అడిగింది. "ముందు నువ్వు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకో, తరవాత ఫ్యాను సంగతి," అన్నాడతను. అప్పుడే ట్రాలీ పడింది. పడేసిందో, పడిందో, ఇంతకుముందే చెప్పాను కదా.

మధ్యాహ్నం భోజనాల వేళ మడతల బల్ల చుట్టూ అందరూ చేరారు. మడతల సెక్షనులో అందరికన్నా పాత మనిషి పెద్దక్క. ఆవిడ మాట్లాడితే మిగతావాళ్ళు నమలడం ఆపుతారు.

"శుక్రవారం మాట్లాడదాం రమ్మన్నాడు," అంది పెద్దక్క. "ఎవరొచ్చినా ఫర్వాలేదు గానీ నువ్వు మాత్రం వద్దన్నాడు."

"ఓహో! మన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా వాడే చెప్తాడా? ఇంకేం, వాడే వచ్చి మన తరఫున కూడా మాట్లాడేసుకుంటే పోలా?"

"అరవకే."

"నేనెక్కడ అరిచాను?"

ఆ ప్రశ్నకి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తల తిప్పి చూశాడు. సైరన్ అని ఊరికే రాలేదు మరి పేరు.

"మరి ఎవరెళ్తారు?" అని అడిగింది రోలరు దగ్గర సైరన్‌కి జతగా నిలబడే పిల్ల.

అందరూ మాసిన బట్టలు వేరుచేసే పెద్దాయన వైపు చూశారు. ఆయన్ని సరేబాబాయి అంటారు. ఆదివారం రమ్మంటే సరే. వచ్చాక పని లేదు పొమ్మంటే సరే. ఆయన నోట్లోంచి ఆ మాట తప్ప ఇంకో మాట విన్నవాళ్ళు అరుదు.

"బాబాయా!" సైరన్ అన్నం గిన్నె బల్ల మీద పెట్టేసింది. "బాబాయి వెళ్తే, ఉన్న తలుపు కూడా మూసేస్తామంటే ఒప్పుకుని వస్తాడు. అవునా కాదా బాబాయ్?"

"సరే," అన్నాడు బాబాయి.

నవ్వారు గానీ నవ్వులో పస లేదు. సైరన్ వెళ్తే కొట్లాట, బాబాయి వెళ్తే ఖాళీ చేతులు. కూలబడ్డ ముగ్గురిలో ఒకామె అక్కడే కూర్చుని ఉంది, ఇంకా మొహం పాలిపోయి. సైరన్ తన గిన్నె ఆవిడ ముందుకి జరిపింది. ఆ గదిలోకి తనే వెళ్ళాలి. తను లేకుండా ఆ మాట ఎత్తితే ఫ్యాను రాదు, ఇంకో ముగ్గురు పడతారు. ఇదొక్కటే ఆమెకి కావలసింది.

పెద్దక్క తేల్చేసింది. "శుక్రవారం లోపు నువ్వు కాస్త అదుపులోకి వచ్చావని మాకు నమ్మకం కలిగించు. నిన్నే పంపుతాం. వాడు కాదంటే వాడికి మేం చెప్పుకుంటాం. లేదా, బాబాయే."

"ఎలా కలిగించమంటావ్ నమ్మకం? మూతికి గుడ్డ కట్టుకోనా?"

"అక్కా, జూడోలో చేరరాదూ?" అంది జతపిల్ల. "టైర్ల షాపు మేడ మీద నేర్పిస్తున్నారు. మా బావ ఎంత కోపిష్టో తెలుసుగా? మూడు నెలలు వెళ్ళాడు. ఇప్పుడు మా అక్క ఏమన్నా నవ్వి ఊరుకుంటాడు."

"తలకి దెబ్బ తగిలుంటుందే."

"కాదక్కా! స్వీయ క్రమశిక్షణట. బోర్డు మీదే రాసుంది."

క్రమశిక్షణ! ఈ మాటని కనిపెట్టినవాడు ఏ ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టాడో గానీ, అది ఎప్పుడూ కిందికే పారుతుంది. జీతం ఆలస్యం చేసే యజమానికి క్రమశిక్షణ లేదని ఎవరూ అనరు. అడిగినవాడికే లేదంటారు. మాటలో సగం శిక్షే ఉంది, వినేవాడికి ఆ సగమే వినపడుతుంది. ఇదంతా సైరన్‌కి తెలుసు. తెలిసి కూడా, "ఎక్కడే ఆ టైర్ల షాపు?" అని అడిగింది.

ఇంటికెళ్ళి విషయం చెప్పింది. మొగుడు బస్సు డ్రైవరు. అప్పుడే డ్యూటీ దిగొచ్చి, నీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. విని, కాళ్ళు బయటికి తీశాడు.

"జూడోనా? నువ్వా? ఎందుకు?"

"కోపం తగ్గడానికి."

"నీ కోపంతో నాకేం ఇబ్బంది లేదే! అలవాటైపోయింది. బస్సు హారన్ లాంటిదే. ఉన్నట్టుండి ఆగిపోతే బండి పాడైందేమోనని భయమేస్తుంది."

"నీ కోసం కాదయ్యా, లాండ్రీ కోసం."

"లాండ్రీ కోసం నేర్చుకుని ఇంట్లో వాడవని నమ్మకం ఏమిటి?"

అత్త ఒక మూల కూర్చుని కొడుకు చొక్కాకి గుండీ కుడుతోంది. దారం పళ్ళతో కొరికి, "వెళ్ళవే అమ్మాయ్," అంది. "నా వయసులో ఇలాంటివి ఉంటేనా, మీ మావగారు ఇంకొంచెం మర్యాదగా బతికేవాడు."

"అమ్మా!"

"నిన్నేమన్నాన్రా? నువ్వు బంగారం. బంగారం కాబట్టే దాన్ని వెళ్ళమంటున్నా, నీకేం భయం?"

బంగారానికి భయం వేసినట్టే ఉంది. కాళ్ళు మళ్ళీ బకెట్లో పెట్టుకుని, "ఒకసారి వెళ్ళి చూసిరా. చూడు అంతే. చేరకు," అన్నాడు.

టైర్ల షాపు పక్కనుంచి ఇనప మెట్లు. పైన పొడుగాటి హాలు. హాలంతా పరుపుల్లాంటి చాపలు పరిచారు. రబ్బరు వాసన, చెమట వాసన. సైరన్ గుమ్మంలో నిలబడి ముందు బట్టలు చూసింది. అలవాటు ఊరుకోదు కదా. తెల్లకోట్లు వేసుకున్నారు అందరూ. తెల్లవి అనుకుని వేసుకున్నారు, అంతే. కాలర్లు పసుపు, చంకలు బూడిద రంగు. ఒకడి వీపు మీద ఇస్త్రీపెట్టె కాలిన గుర్తు. ఇక్కడ క్రమశిక్షణ ఎంత ఉందో అక్కడే సగం తేలిపోయింది.

మాస్టారు వచ్చాడు. ఎత్తు ఈమె చెవి దాకా కూడా లేడు. జలుబు చేసి, ముక్కు ఎర్రగా ఉంది. రుమాలుతో తుడుచుకుంటూ, "చేరదామనాండీ?" అన్నాడు.

"చూద్దామని. మావాళ్ళు పంపారు. కోపం ఎక్కువట నాకు."

"మంచిదమ్మా. మేం ఇక్కడ ముందు పడటం నేర్పిస్తాం."

"ఏమిటీ?"

"పడటం. మొదటి నెలంతా అదే. పడటం వస్తేనే తరవాత ఏదైనా."

సైరన్ చీర కొంగు నడుముకి బిగించింది. "ఎవరి దగ్గర పడాలి?"

"మొదట నా దగ్గరే. తరవాత మెల్లగా అందరి దగ్గరా పడొచ్చు. భయం లేదు, అలవాటైపోతుంది. ఇదిగో, ఈవిడ బ్యాంకులో ఆఫీసరు." మాస్టారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్న ఒకామెని చూపించాడు. "వచ్చిన కొత్తలో అస్సలు పడేది కాదు. మహా మొండి. ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఎంత చక్కగా పడుతుందో!"

బ్యాంకామె సిగ్గుపడింది.

"నీకేం ఖర్మమ్మా?" అంది సైరన్. "చదువుకున్నావ్. ఉద్యోగం చేస్తున్నావ్. పడాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"మొదట్లో నొప్పిగానే ఉండేదండీ," అంది బ్యాంకామె. "ఇప్పుడు హాయిగా ఉంటుంది. ఇంట్లో కూడా ప్రాక్టీసు చేస్తుంటాను. మా ఆయన చూసి మెచ్చుకుంటారు."

"మెచ్చుకోడూ మరి!"

ఇక ఆగలేదు. ఆగే మనిషైతే ఇక్కడికి వచ్చేదే కాదు. చాప మధ్యలోకి నడిచి, చెప్పులతోనే నడిచి, చెయ్యెత్తింది. "ఇంట్లో పడ్డాం! పనిలో పడుతున్నాం! బస్సు ఎక్కితే కండక్టరు దగ్గర, ఆస్పత్రికి పోతే నర్సు దగ్గర, ఎక్కడికి పోయినా పడటమే కదా మన బతుకు. ఇప్పుడు ఫీజు కట్టి, తెల్లకోటు వేసుకుని, నెలంతా కూర్చుని పడటం నేర్చుకోవాలా? ఎవరయ్యా నీకీ తెలివి చెప్పింది? మీకందరికీ నోళ్ళు లేవా? ఒక్కరన్నా ఎదురు చెప్పలేదా ఈయనకి? నేను చెప్తున్నా వినండి. నేను పడే మనిషిని కాను!"

మూల నిలబడ్డ ఒకతను, బేకరీలో పనిచేసేవాడు, చేతులెత్తి రెండు చప్పట్లు కొట్టి, ఎవరూ కొట్టకపోవడం చూసి మానేశాడు.

మాస్టారుకి కోపం రాలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మొదట అందరూ ఇదే అంటారమ్మా. ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది. తమంతట తాము పడలేరు. అలాంటివాళ్ళని నేనే పడేస్తాను."

"నువ్వా? నన్నా? మాటలు జాగ్రత్త, పెళ్ళైనదాన్ని!"

"దానికేం అడ్డం లేదమ్మా. చెప్పులు ఒక్కటి తీసేస్తే చాలు."

"తీశా! ఏదీ, పడెయ్, చూస్తా!"

అనుమతి ఇచ్చిందనుకున్నాడు మాస్టారు. ఒక చెయ్యి జబ్బ దగ్గర, ఒక చెయ్యి భుజం దగ్గర. మడమ వెనక ఏదో మెత్తగా తగిలింది. తరవాత సైరన్ చూసింది హాలు కప్పు. రేకుల కప్పు, మధ్యలో ఒక గొట్టపు లైటు, దానికి ఒక సాలెపురుగు.

"ఇదమ్మా పడటం అంటే," అంది పైనుంచి మాస్టారు గొంతు.

సైరన్ కొంచెం సేపు ఆలోచించింది. "ఓ," అంది. "ఈ పడటమా!"

ముందు బ్యాంకామెకి అర్థమైంది. ఆవిడ కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని, పొట్ట పట్టుకుని, నవ్వలేక కూలబడిపోయింది, ఎంతో చక్కగా. బేకరీ అతను ఎందుకో తెలియకుండానే నవ్వాడు. మాస్టారు ఒక్కడే నవ్వలేదు, తుమ్మాడు. సైరన్ వెల్లకిలా పడుకునే నవ్వింది. నవ్వు ఆగాక కూడా లేవలేదు. పగటిపూట ఇలా నడుం వాల్చి పైకప్పు చూసి ఎన్నేళ్ళయిందో. పొద్దున లేచింది మొదలు నిలబడటమే. రోలరు ముందు, పొయ్యి ముందు, బస్సులో కమ్మీ పట్టుకుని. లేవమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. వీపు కింద చాప మెత్తగా ఉంది.

"సరే," అంది చివరికి. "ఎలా పడాలి?"

"గడ్డం గుండెకి ఆనించాలి. నేల తగిలే ముందే అరచేత్తో నేలని కొట్టాలి. ముఖ్యంగా ఊపిరి బిగపట్టకూడదు. బిగపట్టారో, పక్కటెముక పోతుంది. గాలి వదిలెయ్యాలి. అరిచినా మంచిదే."

"అరవొచ్చా?"

"అరవాలి."

సైరన్ లేచి నిలబడింది. మాస్టారు పట్టుకున్నాడు, తిప్పాడు. పడింది. అరచెయ్యి చాపకి తగిలింది. అరిచింది. కిందనుంచి టైర్ల షాపతను రెండేసి మెట్లు ఎక్కి పరుగున వచ్చాడు. "ఏ టైరండీ పేలింది? మాదేనా?"

వెళ్ళబోయే ముందు అసలు సంగతి అడిగింది. "మాస్టారూ, నిజం చెప్పండి. దీంతో కోపం తగ్గుతుందా?"

"నాకు తెలీదమ్మా. నా జలుబే తగ్గట్లేదు."

"మరి బోర్డు మీద స్వీయ క్రమశిక్షణ అని రాశారు?"

"బోర్డు రాసేవాడు ఒక లైను ఖాళీ ఉందండీ, ఏదో ఒకటి చెప్పండి అన్నాడు." ముక్కు తుడుచుకుని, ఆమె మొహం చూసి, ఉత్త చేతుల్తో పంపడం బాగుండదని కాబోలు, మళ్ళీ అన్నాడు. "నేను నేర్పేది ఒకటే. మిమ్మల్ని నెట్టేవాణ్ణి తిరిగి నెట్టొద్దు. నెట్టుకుంటే బరువున్నవాడే గెలుస్తాడు. వాడి చెయ్యి పట్టుకుని మీరు గట్టిగా నిలబడ్డ చోటికి లాక్కోండి. అక్కడ వాడి బరువు వాడికే చేటు."

చేరతాననీ అనలేదు, చేరననీ అనలేదు సైరన్. శుక్రవారం అయ్యాక చెప్తానంది.

మర్నాడు రోలరు దగ్గర జతపిల్ల అడిగింది, వెళ్ళావా అక్కా అని. వెళ్ళానంది. భోజనాల వేళకి డ్రమ్ముల హాల్లో సైరన్ జూడోలో చేరిందన్నారు. సాయంత్రానికి గేటు దగ్గర, మాస్టారుని ఎత్తి పడేసిందట, టైర్ల షాపతను స్వయంగా విన్నాడట చప్పుడు అన్నారు. వాచ్‌మన్ ఆ సంగతి మేనేజరు కారు తలుపు తీస్తూ చెప్పాడు. గురువారం నుంచి మేనేజరు వరండాలో నడవడం మానేసి, వెనక దారిన రావడం మొదలుపెట్టాడు.

పెద్దక్కకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పింది సైరన్, పడటం సంగతితో సహా. పెద్దక్క మడతపెడుతున్న దుప్పటిలో మొహం దాచుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, మధ్యేమార్గం చెప్పింది. "ఇద్దరూ వెళ్ళండి. మాట్లాడేది బాబాయి. నువ్వు ఊరికే నిలబడు. నోరెత్తావో, ఇక ముందెప్పుడూ నిన్ను పంపం. ఒప్పుకుంటావా?"

ఒప్పుకోక ఏం చేస్తుంది? గదిలో ఉండటమే చాలనుకుంది.

శుక్రవారం. మేనేజరు గదికి అద్దాల గోడ. బయట వరండాలో ట్రాలీలు తోస్తున్నట్టు నటిస్తూ సగం లాండ్రీ నిలబడింది. లోపల ఏసీ చల్లదనానికి సైరన్ ఒంటి మీద చెమట ఆరి, ముళ్ళలా గుచ్చుకుంది. మేనేజరు బల్లని గోడ దాకా జరిపించుకుని, దాని వెనక కూర్చున్నాడు. ఆమె చేతుల వైపే చూస్తున్నాడు.

"చెప్పండి," అన్నాడు.

"ఫ్యాను సార్," అన్నాడు సరేబాబాయి.

"చూడండి, నేను అన్యాయం చేసే మనిషిని కాదు. థర్మామీటరు తెప్పించి మరీ చూశాను. మీరు చెప్పినంత వేడేం లేదు."

"సరే సార్."

సైరన్ పళ్ళు బిగించింది. ఎక్కడ చూశావు? ఇస్త్రీ హాల్లోకి ఎప్పుడైనా అడుగు పెట్టావా? గుమ్మం దగ్గరే ఆగిపోతావు కదా, కళ్ళద్దాలకి ఆవిరి పడుతుందని. ఈ మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చి వరసగా నిలబడ్డాయి. మింగింది.

"ఇంకో ఏడాది చూద్దాం. వచ్చే బడ్జెట్టులో ఆలోచిద్దాం."

"సరే సార్."

మింగింది. ఇంకొకటి మింగింది. అద్దం అవతల పెద్దక్క వేలు పెదాల మీద పెట్టుకుని చూస్తోంది.

మేనేజరుకి ధైర్యం వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా ఆడవాళ్ళకి వేడి కొత్తా? ఇంట్లో పొయ్యి దగ్గర పడట్లేదూ? ఇక్కడా అలాగే కాస్త పడాలి."

సైరన్ ఒక అడుగు ముందుకేసింది. వరండాలో ట్రాలీలన్నీ ఆగిపోయాయి. పెద్దక్క కళ్ళు మూసుకుంది. మేనేజరు కుర్చీతో సహా గోడకి అతుక్కుపోయాడు. అరుపు కడుపులోంచి బయల్దేరి గొంతు దాకా వచ్చేసింది. అరిస్తే ఈ గది అతనిది, చల్లదనం అతనిది, అరిచిన ఆడదాన్ని బయటికి పంపే హక్కూ అతనిదే. అరవకపోతే ఫ్యాను పోయింది. రెండూ ఓటమే. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళింది. అతని చొక్కా చేతిని మోచెయ్యి దగ్గర, రెండు వేళ్ళతో, ఇస్త్రీ చెడకుండా పట్టుకుంది.

"సార్," అంది మెల్లగా. "లేవండి. అక్కడికెళ్ళి మాట్లాడుకుందాం."

అతనికి తెలిసిందల్లా మాస్టారుని ఎత్తి పడేసిన మనిషి తన చెయ్యి పట్టుకుందని. ఆమెకి వచ్చిందల్లా తను కింద పడటం. ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత ఆమెకేముంది? అతను లేచాడు. గొర్రెపిల్లలా నడిచాడు. వరండా దాటారు, డ్రమ్ములు దాటారు. వెనక లాండ్రీ లాండ్రీ అంతా నడిచింది. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగబోయాడు. వెనక జనం ఎక్కువైపోయి, ఆగడం కుదరలేదు.

ఇస్త్రీ హాల్లో రోలరు తిరుగుతోంది. ఆవిరి మేనేజరు కళ్ళద్దాల మీద తెల్లటి తెర దించింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నోరు తెరిచి ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, అంతే.

"వినపడట్లేదు సార్!" అంది పెద్దక్క.

ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

"ఆఁ?" అన్నారు నలుగురు.

మెడ నరాలు ఉబ్బాయి. చేతులు ఊపాడు. అరిచాడు.

"సార్, అలా అరవకండి," అని అరిచింది పెద్దక్క. "కాస్త అదుపులో పెట్టుకోండి!"

జతపిల్లకి అప్పుడేం తోచిందో, ఎర్ర బటన్ నొక్కేసింది. రోలరు ఆగిపోయింది. ఆ ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో మేనేజరు అరుపు ఒంటరిగా మిగిలిపోయింది: "అరవకపోతే ఈ రొదలో మనిషి మాట ఎవడికైనా వినపడుతుందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోటే గానీ, ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. అతనికి కూడా తెలిసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోయాడు, తుడవడానికి పొడిగా ఉన్న గుడ్డ ఒంటి మీద ఎక్కడా లేదు.

"ఫ్యాను ఎప్పుడు పెట్టిస్తారు సార్?" అని ఎవరో అడిగారు.

ఎవరా అని చూశారు. సైరన్. ఇన్నేళ్ళూ పక్కపక్కన పనిచేసినవాళ్ళకి ఆ గొంతు కొత్త. సన్నగా, కొంచెం బొంగురుగా, మామూలు మనిషి గొంతు. ఆ హాల్లో ఎప్పుడూ వాడే అవకాశం రానిది.

"పెట్టిద్దాం," అన్నాడు మేనేజరు. "చూద్దాం. త్వరలో."

"సరే కాదు సార్," అన్నాడు సరేబాబాయి.

ఆ మాట అన్నది బాబాయేనా అని అందరూ ఆయన వైపు తిరిగారు.

"త్వరలో అంటే సరే కాదు," అన్నాడు బాబాయి మళ్ళీ, తన మాటకి తనే జడుసుకుంటూ. "రోజు చెప్పండి సార్. లేదా ఇక్కడే కూర్చుని ఆలోచించుకోండి. స్టూలు తెప్పిస్తాం. అమ్మాయ్, రోలరు ఆన్ చెయ్యవే."

"సోమవారం!" అన్నాడు మేనేజరు. "సోమవారం పెట్టిస్తా, ఆన్ చెయ్యకండి!"

శనివారం సాయంత్రం సైరన్ ఇనప మెట్లు ఎక్కింది. మొగుడు కూడా వెంట వచ్చాడు, ఏం నేర్పుతారో తన కళ్ళతో చూసుకుందామని. మెట్ల కింద నిలబడి చివరి ప్రయత్నం చేశాడు. "ఫ్యాను ఒప్పుకున్నాడుగా. మీవాళ్ళు నిన్ను పంపుతామనీ అన్నారు. ఇంక కోపం తగ్గించుకోవాల్సిన పనేముంది?"

"ఎవరు తగ్గించుకుంటున్నారు? నా కోపం నాక్కావాలి, వారం పొడుగునా పని ఉంటుంది దానికి. వారానికి రెండు సాయంత్రాలు కాసేపు నడుం వాలుస్తా. గట్టిగా అరుస్తా. దానికి ఎవరూ ఏమీ అనరు. ఇంత సుఖం ఇంకెక్కడ దొరుకుతుందయ్యా నాకు?"

మాస్టారుతో మాత్రం ముందే తెగేసి చెప్పింది. బోర్డు మీద ఆ లైను చెరిపించాలని. ఆ కోట్లు వేడినీళ్ళలో నానబెట్టకుండా ఉతికితే పసుపు పోదని. మాస్టారు తుమ్మి, రెండింటికీ తలూపాడు.

సోమవారం మేస్త్రీ వచ్చి గోడకి చిల్లి కొట్టాడు. ఇటుక పొడి అంతా ఇస్త్రీ అయిన దుప్పట్ల మీద పడింది. అన్నీ మళ్ళీ ఉతకాలి. మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి నెత్తి పట్టుకున్నాడు. సాయంత్రానికి ఫ్యాను బిగించారు. స్విచ్ వేశారు. రోలరు రొదకి ఫ్యాను రొద తోడై, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే ఇంకా గట్టిగా అరవాల్సి వచ్చింది. కానీ ఆవిరి కదిలింది. ముందు మెల్లగా, తరవాత తాడు పట్టి లాగినట్టు ఆ చిల్లిలోంచి బయటికి పోయింది. కళ్ళు తిరిగి పడ్డామె దాని ఎదురుగా నిలబడి, చేతులు చాచి, నోరు తెరిచి గాలి తాగింది. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది.

అవతలి గోడ మీద గడియారం ఒకటి ఉందని అందరికీ అప్పుడే తెలిసింది. అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో. మధ్యాహ్నం భోజనానికి పావుగంట ముందు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ టైము ఎంతైందో మేనేజరు చెప్తేనే వీళ్ళకి తెలిసేది. భోజనం ఎప్పుడో, ఇంటికి ఎప్పుడో.

సైరన్ దుప్పటి పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"అక్కా, వద్దు!" అని అరిచింది జతపిల్ల.

"నేనేమన్నానే ఇంకా?" అని అరిచింది సైరన్.

ఆమె అనాల్సిన పని లేకపోయింది. సరేబాబాయి చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ అప్పటికే మేనేజరు గది వైపు బయల్దేరాడు.